పూలరేకుల కోసం పేరు మార్చిన కార్డు

కంప్యూటర్‌లోని ఒక చిన్న కార్డు చేత అబద్ధం చెప్పించి, రెండు ఊళ్లలో రెండు తెరలను ఒకే పూట ఆర్పేసిన ఘనుణ్ణి నేను. ఇందుకు ఎవరూ సన్మానం చేయలేదు కాబట్టి ఆ కథ నేనే చెప్పుకోవాల్సి వస్తోంది.

నార్కట్‌పల్లిలో పెళ్లి వీడియోలను కోసి, అతికి, సొగసులు దిద్దే మిక్సింగ్ షాపు కొత్తగా పెట్టిన రోజులు. లింగయ్య మామ బిడ్డ పెళ్లి ముందురోజే అయింది. ఆ సాయంత్రం ఆలేరులో మగపెళ్లివారి రిసెప్షన్. అక్కడ పెద్ద తెర మీద పెళ్లి వీడియో వేయిస్తానని మామ వియ్యంకుడికి మాటిచ్చేశాడు. పొద్దున్నే వచ్చి నా షాపులో స్టూలు మీద పొదుగుతున్న కోడిలా కదలకుండా కూర్చున్నాడు.

వీడియో దాదాపు అయిపోయింది. అక్కడితో ఆగి ఉంటే మీకు ఈ కథ దక్కేది కాదు. తలంబ్రాల మీద పూలరేకులు రాలితే బాగుంటుందని నాకు బుద్ధి పుట్టింది. తెర మీద బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు మరీ చిన్నది, దీంతో రేకులు రాలవు పొమ్మంది సాఫ్ట్‌వేర్. కంప్యూటర్ ఆన్ కాగానే ఆ కార్డు తన పేరూ నంబరూ చెప్పుకుంటుంది. ఆ నంబరు మార్చేస్తే పెద్ద కార్డని కంప్యూటర్ నమ్ముతుందని నెట్‌లో ఎవరో చెప్పగా విన్నాను.

"ఏంజేస్తున్నవ్‌రా సీనూ?"

"కార్డు పేరు మారుస్తున్న మామా. గిది పెద్ద కార్డనుకొని కంప్యూటర్ జోరుగ పనిజేస్తది."

"మా మ్యాకకు బర్రె అని పేరు వెడ్తె బిందెడు పాలిస్తదా?"

"గది మ్యాక మామా. గిది టెక్నాలజీ!"

నంబరు మార్చి కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. బస్సులో టికెట్ తీయకుండా 'నేను కండక్టర్ తమ్ముణ్ణి' అన్నవాడి చేతికి, 'అయితే జర నువ్వే టికెట్లు కొట్టు' అని మిషన్ ఇస్తే ఎలా ఉంటుంది? పెద్ద కార్డు చేయాల్సిన పనంతా నెత్తిన పడేసరికి నా బుల్లి కార్డు గుడ్లు తేలేసింది. తెర నల్లగా, మామ మొహం ఎర్రగా.

"బొమ్మేదిరా?"

"వస్తాంది మామా."

"ఏ బస్సుకొస్తాంది?"

పేరు మళ్లీ మార్చాలంటే తెర కనబడాలి. తెర కనబడాలంటే పేరు మార్చాలి! తిరుమలగిరిలో ఇదే పని చేసే రమేశ్‌కు ఫోన్ కొట్టాను. ఇద్దరివీ ఒకేలాంటి కంప్యూటర్లు. అతను తన తెర చూసి ఏ మీట నొక్కాలో చెబితే, నేనిక్కడ చూడకుండానే నొక్కేస్తానన్నమాట. ఇంతవరకూ నా తెలివికి వంక పెట్టడానికి లేదు.

"అన్నా, నాది మంచిగనే ఉన్నది గదా. నీ దాంట్ల ఏమున్నదో నాకెట్ల ఎర్క?" అన్నాడు రమేశ్.

"నిజమే తమ్మీ. ముందుగాల నేను జేసినట్లే నువ్వు గూడ జెయ్. రెండూ ఒక్కతీర్గ ఉంటే లెక్క కుదుర్తది."

చెప్పింది చెప్పినట్టే చేశాడు, పుణ్యాత్ముడు. ఫోన్లో మీటలు టకటకా నొక్కిన చప్పుడు వినబడింది.

"అన్నా..."

"చెప్పు తమ్మీ, ఏం కనవడ్తాంది?"

"నీకేం కనవడ్తాందో, గదే."

లింగయ్య మామ స్టూలు మీంచి లేచాడు. "సూర్యాపేట, నల్లగొండ మిగిలినయి. గాళ్లకు గూడ ఫోన్ జెయ్, జిల్లంత చీకటైతది! వియ్యంకుని ముందట నా ఇజ్జత్ ఏంగావాలెరా?"

అదృష్టం కొద్దీ పెళ్లి తీసిన కెమెరాలో అసలు వీడియో అలాగే ఉంది. దాన్నే ఆలేరు పట్టుకుపోయి నేరుగా పెద్ద తెరకు తగిలించాను. కోసేయాల్సినవి ఒక్కటీ కోయలేదు. మంత్రాల మధ్య పంతులుగారి ఫోన్ ముచ్చట్లు, కుర్చీలో నోరు తెరుచుకుని వియ్యంకుడు తీసిన నిద్ర, అప్పగింతల్లో వెక్కి వెక్కి ఏడుస్తూనే లింగయ్య మామ తిన్న లడ్డూ... అన్నీ వచ్చాయి. హాలు హాలంతా పడీపడీ నవ్వింది. వియ్యంకుడు కళ్లు తుడుచుకుంటూ మామ భుజం మీద చెయ్యేశాడు.

"బావా, గిసొంటి పెండ్లి వీడియో నా జిందగీల సూడలే!"

మామ మీసం దువ్వాడు. "మీకోసమే ఖాస్ చెప్పి జేపిచ్చిన బావా."

అప్పట్నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లందరిదీ ఒకటే మాట: "మాక్కూడ మిక్సింగ్ లేకుండనే గావాలె." మిక్సింగ్ చేయని మిక్సింగ్‌వాడిగా నా పేరు మారుమోగిపోయింది. రమేశ్ మాత్రం నా ఫోన్ వస్తే ముందు కంప్యూటర్ ఆపి, తర్వాత హలో అంటాడు.

ఇదిగో, కెమెరా మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. నా షాపులో ఏ వస్తువు చేతా ఇకమీదట దానిది కాని పేరు చెప్పించను. బయట బోర్డు మీద షాపు పేరులో ఉన్న 'ఇంటర్నేషనల్' సంగతి మాత్రం అడక్కండి. అది గోడకు గట్టిగా అతుక్కుపోయింది.