మా టీవీలో చిన్నమ్మ ఫోటో

మట్టెవాడలో మా చుట్టాల్లో ఎవరు కొత్త ఫోన్ కొన్నా ముందు నా దగ్గరికే తెస్తారు. అదో గొప్ప నాకు. నిరుడు మా చిన్నమ్మ ఫోన్ తెచ్చినప్పుడు ఒక్కటే మాట అడిగింది.

"అకౌంట్ నా పేరు మీదనే చెయ్యి బిడ్డా. నా ఫోటోలు నాకాడనే ఉండాలె."

సరేనన్నాను. రేపు పాస్‌వర్డ్ మర్చిపోతే మళ్లీ నా ప్రాణం తీస్తుందని నా అకౌంటే పెట్టేశాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ప్రార్థన కూడికల్లో మా ఆడవాళ్లంతా తల మీద కొంగు కప్పుకుంటారు. ఈ మధ్య చిన్నమ్మ ప్రార్థన అయిపోయి చాయ్ తాగుతున్నప్పుడు కూడా తీయడం లేదు. "ఏంది చిన్నమ్మా, పాస్టరమ్మవు అయితవా?" అని అందరిలో ఆటపట్టించాను. నవ్వింది.

పోయిన నెల కూడిక మా ఇంట్లో పెట్టాం. పాటలు చూసి పాడుకోవడానికి టీవీ వేశాను. పాస్టరమ్మ బైబిల్ వాక్యం చెప్పడం మొదలుపెట్టాక ఆపడం మరిచాను. ఊరికే వదిలేస్తే ఆ టీవీ నా అకౌంట్‌లోని ఫోటోలు ఒక్కొక్కటే చూపిస్తుంది. నేనే ముచ్చటపడి అలా పెట్టుకున్నాను. మా పిల్లల ఫోటోలు రెండు వచ్చాయి. తరువాత చిన్నమ్మ వచ్చింది, అద్దం ముందు నిలబడి. తల మీద ఒక్క వెంట్రుక లేదు.

నాకు రిమోట్ దొరికేలోపు అందరూ చూశారు. పాస్టరమ్మ ఆగలేదు. క్యాన్సరేనని తనే తేల్చేసి, చిన్నమ్మ పేరెత్తి, వీధంతా వినబడేలా ప్రార్థన మొదలుపెట్టింది. చిన్నమ్మ కొంగును ముఖం మీదికి లాక్కుంది. నాకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అందరూ వెళ్లాక అడిగింది. "నా ఫోటో మీ టీవీలకు ఎట్లొచ్చింది?"

ఆమె ఫోన్‌లో నా అకౌంట్ పెట్టానని, ఆమె తీసిన ఫోటోలన్నీ అందులోకే వస్తాయని చెప్పాను.

"మీ చిన్నాయనకు తప్ప ఎవ్వలకు చెప్పలె. నా రోగం పది నోళ్లల్ల నానొద్దనుకున్న." ఫోన్ చేతిలోకి తీసుకుని, "ఇంకేమేం చూసినవ్?" అంది.

"ఏం చూడలే చిన్నమ్మా."

నిజమే. కానీ ఆమె స్థానంలో నేనున్నా నమ్మేవాణ్ని కాదు.

ఫోన్ నా చేతికిచ్చింది. "ఇప్పుడన్న నా పేరు మీద చెయ్యి."

చేశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పాస్‌వర్డ్ కొట్టమని ఫోన్ తిరిగిచ్చాను. ఆమె దాన్ని ఒళ్లోకి దగ్గరగా తీసుకుంది.

"జర అటు తిరుగు బిడ్డా," అంది.

తిరిగాను.