రెండో సంచి తాకని కుర్రాడు

కొత్త చెప్పులు కరుస్తున్నాయి. రంగూన్‌లో లమ్మడా వీధిలో కుట్టించినవి. నాలుగు రోజులు తొడిగితే అవే దారికొస్తాయని కుట్టినవాడు హామీ ఇచ్చాడు. ఇప్పటివరకు దారికొచ్చింది నా నడకే. సాయంత్రం విప్పి కిటికీలో పెడితే పచ్చితోలు వాసన గదంతా కమ్మింది. ఆ వాసనకు అప్పలస్వామి గారు గుర్తొచ్చారు. ఆయన్ని అవమానించడం నా ఉద్దేశం కాదు.

ఆయన ఇదే ఊళ్లో అహ్లోన్ పేట బియ్యపు మిల్లులో హెడ్ గుమాస్తా. బి.ఏ. ముగించి నేను ఆయన కింద చేరాను. కాగితాలు ఎగిరిపోకుండా ఆయన బల్ల మీద ఒక తోలు బంతి ఉండేది. నదికి ఎగువన కిరసనాయిలు బావులు తవ్వడానికి వచ్చిన అమెరికావాడొకడు జ్వరంతో రంగూన్‌లో పడి ఉంటే, ఈయన రోజూ గంజి పట్టుకెళ్లి తాగించారట. అతను వెళ్తూ ఆ బంతినీ, ఒక కథనూ వదిలిపోయాడు. బంతి వల్ల ఉపయోగం ఉండేది.

కథ ఇది. అమెరికాలో బేస్‌బాల్ అని జీతాలకు ఆడే ఆట ఉంది. నేల మీద దూరదూరంగా సంచులు పరుస్తారు. బంతిని కొట్టినవాడు వాటిని వరసగా తాకుతూ చుట్టి వస్తే ఒక పాయింటు. ఒక పెద్ద పోటీలో, ఆఖరి క్షణంలో, ముందున్నవాడు చుట్టి వచ్చేశాడు. గెలిచామనుకుని జనం మైదానంలోకి ఉరికారు. వెనక పరుగెత్తుతున్న కుర్రాడు రెండో సంచి తాకితేనే ఆ పాయింటు చెల్లుతుంది. కానీ గెలిచాక తాకే అలవాటు ఎవరికీ లేదు. వాడూ తాకకుండా ఇంటిదారి పట్టాడు. అవతలివాళ్లు బంతి తెచ్చి ఆ సంచికి ఆనించారు. పాయింటు చెల్లలేదు. చివరికి ఆ ఏడాది గెలుపే పోయింది. దేశమంతా వాణ్ని మొద్దు అంది.

"వాడి పేరేమిటండీ?" అని అడిగాను.

"పేరెట్టి తిట్టినోల్లు సాలు గదరా బియ్యే. మళ్లీ మనమెందుకు?" అన్నారు.

మా మిల్లులోనూ ఒక అలవాటు ఉండేది. మోసే కూలీకి లెక్క కోసం బస్తాకొక చిన్న కర్ర ఇస్తారు. బస్తాను పడవలో వేశాక ఆ కర్రను రేవులో బల్ల మీద పెట్టాలి. ఆఖరి బస్తా పడగానే పని ముగిసిందని మిల్లు కూత వేస్తారు కనుక, దాన్ని మోసినవాడు కర్రతోనే ఇంటికి పోయేవాడు. తెల్లారి మేస్త్రీ ఏరుకునేవాడు. ఒకనాడు కొత్త దొర స్వయంగా కర్రలు సరిచూశాడు. ఒకటి తగ్గింది. వెతుకులాటలో నది పోటు వేళ దాటిపోయి పడవ కదల్లేదు. కర్ర ఆఖరి బస్తా మోసిన కూలీ సింహాచలం మొలలో దొరికింది. "తీసెయ్యండి," అన్నాడు దొర. పని పోతే మిల్లు వాళ్లిచ్చిన గదీ పోతుంది. సింహాచలం భార్య నూకాలమ్మకు నెలలు నిండాయి.

అప్పలస్వామి గారు బంతి జేబులో వేసుకుని దొర గదికి నడిచారు. వెనకాల నేను. కథంతా చెప్పారు. దొర క్రికెట్ మనిషి.

"వికెట్లు ఎక్కడుంటాయి?"

"ఉండవు దొరా."

దొర ముఖంలో అమెరికా మీద జాలి కనిపించింది. మెత్తబడ్డాడనే అనుకున్నాను.

"చివరికి ఆ కుర్రాణ్ని మన్నించారా?" అన్నాడు.

నేను అప్పలస్వామి గారి కోటు లాగాను. అవుననమని అర్థమయ్యేంత గట్టిగానే లాగాను.

"లేదు దొరా. మన్నించలేదు."

"సబబే," అని దొర కాగితాల్లోకి తలదించాడు. సింహాచలం పని పోయింది.

బయటికొచ్చాక, "అవునంటే సరిపోయేది కదండీ?" అన్నాను.

"సరిపోయేదేరా. ఆ కుర్రోడికి అన్నేయం జరిగింది. జరగలేదని నేను కూడా అనీమంటావేటి?"

సముద్రాల అవతలి కుర్రాడికి న్యాయం చేయబోయి ఎదుటివాడి కూడు పోగొట్టిన మనిషిని మెచ్చుకోవాలో, కోప్పడాలో నాకు ఇప్పటికీ తేలలేదు. నేనూ ఏదైనా చెబుతూ చివరికొచ్చేసరికి, నోటిదాకా వచ్చిన తియ్యని అబద్ధం దగ్గర ఆగిపోతాను. అది ఆయనిచ్చిన గుణమో, జబ్బో తెలియదు.

ఆ సాయంత్రమే ఆయన సింహాచలం దంపతులను తన ఇంటి వెనక గదికి తెచ్చుకున్నారు. జరిగినదంతా దాచకుండా చెప్పారు. నూకాలమ్మ మూట దించి, నడుం పట్టుకుని, చివరిదాకా విన్నది.

"కత మానేసి కాల్లట్టుకుంటే ఉంచేవోడు గదా, బాబూ," అంది.