ఒకటింపావు బావగారు

మా బావగారికి తాగుడు లేదు, పేకాట లేదు, ఒకరిమీద ఇంకొకరికి చాడీలు చెప్పే సరదా కూడా లేదు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ఎక్కడ బోల్టు కనబడినా దాని త్రెడ్డు కొలవకుండా అడుగు ముందుకు వేయలేరు. లోకంలో అందరూ చొక్కా జేబులో కలం పెట్టుకుంటారు. ఆయన త్రెడ్డు గేజి పెట్టుకుంటారు. చిన్న చాకులా ఉంటుంది, విప్పితే రంపపు పళ్ల రేకులు ఇరవై దాకా బయటికొస్తాయి. ఏ రేకు పళ్లు బోల్టు గాడుల్లో సందు లేకుండా కూర్చుంటే అదే దాని కొలత. బోల్టును ఒక్క చుట్టు తిప్పితే ఎంత లోపలికి దిగుతుందో ఆ కొలత చెబుతుంది. ఈ సంగతి తెలియకుండానే నేను ఇరవై ఏళ్లు హాయిగా బతికాను. ఆ తర్వాత మా అక్కకు పెళ్లయింది.

వీధిలో ఆయన్ని 'ఒకటింపావు' అంటారు. దానికి కారణం ఓ పాత మోటారు సైకిలు. అది చేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. బండి మాత్రం పదకొండేళ్లుగా మా అక్క ముందుగదిలో ఉంది. ఇంటికొచ్చిన చుట్టాలు దానికి అటొకరూ ఇటొకరూ కూర్చుని, హ్యాండిలు కిందనుంచి ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కుశలప్రశ్నలు వేసుకుంటారు. దాని ఇంజన్ని పట్టి ఉంచే బోల్టులన్నీ పది మిల్లీమీటర్ల లావు, ఒకటింపావు మిల్లీమీటరు త్రెడ్డు. బజారులో దొరికే పది మిల్లీమీటర్ల బోల్టులన్నీ ఒకటిన్నర త్రెడ్డు.

"పావు మిల్లీమీటరులో ఏముందండీ?" అన్నాడు ఓసారి బోల్టుల కొట్టాయన.

"అంతా అందులోనే ఉంది. నీ బోల్టు రెండు చుట్లు చక్కగా వెళ్తుంది. మూడో చుట్టుకి మొండికేస్తుంది. అప్పుడు మెకానిక్కు ఏం చేస్తాడు?"

"పానాకి పైపు తొడిగి గట్టిగా తిప్పుతాడు."

"అదీ! అక్కడితో నట్టు పోయింది, బోల్టు పోయింది, బండి పోయింది."

కొట్టాయన నావైపు జాలిగా చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను.

మంగలి షాపులో సగం గడ్డం అయ్యాక కుర్చీ కొంచెం ఊగిందని, మొహం నిండా నురగతో కిందికి దిగి, నేలమీద వెల్లకిలా పడుకుని కుర్చీ కిందకు దూరిన మనిషి ఆయన. "ఇది ఎవడు బిగించాడు?" అని కింద నుంచి ఓ గొంతు వినబడేసరికి, పక్క కుర్చీలో ఉన్నాయన తువ్వాలుతోనే వీధిలోకి నడిచాడట.

ఆ రకం బండి ఊళ్లో ఇంకొక్కటే ఉంది. అది నర్సమ్మది, వాళ్ల నాన్న నడిపింది. మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లి కట్లు మార్చడం, సూదులు వేయడం ఆవిడ పని. ఆవిడ వీధిలో కనబడితే మా బావగారు పలకరింపుకు బదులు ఇంజను కిందికి వంగేవారు.

"ఎవరమ్మా ఈ బోల్టు పెట్టింది?"

"నడుస్తోందిగా సార్."

"నడుస్తోంది. ఎన్నాళ్లని దాన్నే అడగండి!"

ఆవిడ నవ్వి వెళ్లిపోయేది. ఈయనకు మనిషిని పలకరించడం తెలియదు గానీ బోల్టును పలకరించడం తెలుసు అని నేను అనుకునేవాణ్ణి.

ఇదిలా ఉండగా మా అక్క ఓపిక చెడింది. ఇంజను బోల్టులు అయిదింటిలో నాలుగు దొరికాయి. అయిదోదాని కోసం బండి మూడేళ్లుగా అలాగే నిలబడి ఉంది. ఓ రోజు చీపురు పెడల్లో ఇరుక్కుని రెండు ముక్కలైంది.

"ఏవండీ, నెలాఖరులోగా ఇది స్టార్టవ్వాలి. అవ్వలేదో, పాత ఇనుము ఆయన్ని పిలుస్తాను," అంది.

"ఒక్క బోల్టే కదే."

"పదకొండేళ్లుగా ఒక్క బోల్టే!"

బావగారు ఆ రోజు అన్నం సగంలోనే వదిలేసి లేచారు. ఆయన్ని అలా చూడటం నాకూ బాధగానే అనిపించింది. అందుకని వెతకడానికి వెంట బయల్దేరాను. తొమ్మిది కొట్లు తిరిగాం. పదో చోటు ఆ పాత ఇనుము ఆయన గోడౌనే. మూతబడ్డ అచ్చు ప్రెస్సు యంత్రాన్ని విప్పి, బోల్టులన్నీ నూనె డబ్బాల్లో పోశాడాయన. మోకాళ్లమీద కూర్చుని మూడు గంటలు ఏరాం. నెలాఖరుకి ముందురోజు మధ్యాహ్నం, నాలుగో డబ్బా అడుగున, నా చేతికే దొరికింది.

బావగారు లావు కొలిచారు. గేజి రేకు పెట్టారు. పొడవు చూశారు. జేబులోంచి నమూనా బోల్టు తీసి, రెండింటి గాడులూ ఒకదానిలో ఒకటి కూర్చోబెట్టి ఎండకు ఎత్తి పట్టారు. మధ్యలోంచి వెలుతురు ఏమాత్రం రాలేదు. ఇదంతా ఇంకో రెండుసార్లు చేశారు.

"బావమరిదీ, నువ్వు మనిషివయ్యావోయ్," అన్నారు. ఆయన నోట అంత పెద్ద మెచ్చుకోలు నేనెన్నడూ వినలేదు.

మర్నాడు పొద్దున్న బండి శబ్దం విందామని ఎనిమిదింటికే వెళ్లాను. బండి నోరు మెదపకుండా నిలబడి ఉంది. అయిదో బోల్టు ఉండాల్సిన చోట కన్నం కన్నంలాగే ఉంది. బావగారు దినపత్రికలో తల దూర్చుకుని కూర్చున్నారు.

"కొలత తప్పిందోయ్. పట్టలేదు," అన్నారు తల ఎత్తకుండా.

సూర్యుడు ఇవాళ సెలవు పెట్టాడన్నా నమ్మేవాణ్ణి. ఈయన కొలత తప్పడమేమిటి? మా అక్క నన్ను చూసింది, నేను అక్కను చూశాను. అప్పటికే ఆవిడ ఫోను చేసేసినట్టుంది, గుమ్మం ముందు రిక్షా ఆగి, భుజాన తాడుతో పాత ఇనుము ఆయన దిగాడు. ఆయన వెనకే ఇంకో బండి వచ్చి ఆగింది. నర్సమ్మ.

"సార్, ఇంజను ఊగడం పూర్తిగా ఆగిపోయింది. చెప్పి వెళ్దామని ఆగాను," అంది గుమ్మంలోంచే. తర్వాత మా అక్కవైపు తిరిగింది. "నిన్న సాయంత్రం పాత బోల్టు తెగిపోయి బండి తోసుకెళ్తుంటే సార్ చూశారమ్మా. ఇవాళ పదకొండు ఇళ్లు తిరగాలి. ఓ పెద్దాయన కాలికి రోజూ కట్టు మార్చకపోతే చీము పడుతుంది. ఏం చెయ్యాలా అనుకుంటుంటే తెల్లారేసరికి సార్ వచ్చి బిగించారు. థాంక్స్ అంటే కోప్పడ్డారు."

"మా ఆయనా?"

"ఇది మూడోదమ్మా. ఇంతకుముందు రెండూ కూడా సారే ఇచ్చారు."

దినపత్రిక ఇంకొంచెం పైకి లేచింది.

"ఏవండీ," అంది అక్క. "ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"ఎప్పుడవుతుందని అడిగావు గానీ, దొరికినవి ఎటు పోతున్నాయని అడిగావా?" అన్నారు పత్రిక వెనకనుంచి. "అయినా ఇందులో దయా దాక్షిణ్యం ఏమీ లేవు. ఒకటిన్నర త్రెడ్డు బోల్టుతో ఆ బండి మన వీధిలో పోతుంటే నాకు చెవిపోటు."

నాకు నవ్వొచ్చింది. ఆయన మీద ఇష్టమూ కలిగింది. తన బండి ఇవాళ తూకానికి పోతుందని తెలిసి కూడా తెల్లారకుండానే పానా పట్టుకుని వెళ్లిన మనిషి, అది ఒప్పుకోవడానికి ఇంత సిగ్గుపడుతున్నాడు.

పాత ఇనుము ఆయనకు ఇవేవీ పట్టలేదు. తాడు విప్పుకుంటూ, "అమ్మా, బండి ఎత్తమంటారా?" అన్నాడు.

"నెలాఖరుకి కదా రమ్మన్నాను!" అంది మా అక్క.

"ఇవాళే కదమ్మా నెలాఖరు?"

"ఏ నెలాఖరో నేను చెప్పానా? వచ్చేటప్పుడు బోల్టులు రెండు పట్టుకురండి. పది మిల్లీమీటర్ల లావు, ఒకటింపావు త్రెడ్డు. ఒకటిన్నరవి తెచ్చారో, గుమ్మం ఎక్కనివ్వను."