తమ్ముడి పాలపళ్ళు, అమ్మమ్మ ద్రాక్ష నీళ్ళు

మా చిన్నప్పుడు... తమ్ముడి ముందుపళ్ళు నల్లబడింది ఎవరివల్లో అమ్మమ్మకు తెలుసా? ముప్పై అయిదేళ్ళుగా ఈ ప్రశ్న నాతోనే తిరుగుతోంది.

అమ్మ బి.ఎడ్. చదవడానికి వెళ్ళిన ఏడాది నన్నూ తమ్ముణ్ణీ హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెలో, అమ్మమ్మ దగ్గర వదిలింది. నాకు ఎనిమిదేళ్ళు, వాడికి ఏడాదిన్నర. అన్నం ముద్ద నోట్లో పెడితే ఉమ్మేసేవాడు. గేదెపాలు మాత్రం గటగటా తాగేవాడు. ఇంకేముంది... మూడేసి రోజులు విరేచనం అయ్యేది కాదు.

పొద్దున్నే పెరట్లో అమ్మమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు బారజాపేది. పాదాల మీద వాణ్ణి కూర్చోబెట్టుకుని, బొడ్డు చుట్టూ ఆముదం రాసి "ఊఁ... ఊఁ..." అనేది. వాడు ముఖం కందగడ్డ చేసుకుని ఏడ్చేవాడు. పక్కన నిలబడి నేనూ ఊపిరి బిగపట్టేదాన్ని! సరిగ్గా అప్పుడే గోడ మీంచి పక్కింటావిడ తల కనిపించేది.

"ఏం పిన్నీ, దొరగారికి ఇవాళైనా అయిందా?"

"నువ్వు పలకరించావుగా, ఇంక అయినట్టే!"

అమ్మమ్మ వైద్యం ఎండుద్రాక్ష. నానబెట్టి, పిసికి, వడకట్టిన నీళ్ళు అన్నం పెట్టిన వెంటనే ఉగ్గుగిన్నెతో పట్టేది. ఆపైన నాలుగు గుక్కల మంచినీళ్ళు. చివర్లో తడిగుడ్డ వేలికి చుట్టుకుని ఆ బుల్లి పళ్ళు తుడిచేది. "తీపి నోట్లో నిలవుండకూడదే," అనేది.

మధ్యాహ్నాలు ఆవిడ మినుపచేలోకి వెళ్తే ఆ పని నాది. ఉగ్గుగిన్నె చూస్తే వాడు తల తిప్పేసేవాడు, చేత్తో కొట్టేవాడు. వీధిలో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసుకుని నా స్నేహితురాళ్ళు పిలుస్తుండేవారు...

ఒకరోజు ఆ నీళ్ళు పాలసీసాలో పోశాను. చెంచాడు పంచదార కూడా కలిపాను. ఉయ్యాల్లో పడుకోబెట్టి నోటికి అందిస్తే చప్పరిస్తూ నిద్రపోయాడు. నేను తొక్కుడుబిళ్ళకి పరుగు! ఆ తర్వాత రోజూ అంతే. గుడ్డా లేదు, మంచినీళ్ళూ లేవు.

విరేచనం మాత్రం సాఫీగా అవసాగింది. అమ్మమ్మ వీధంతా చెప్పుకుని మురిసిపోయింది.

ఒక సాయంత్రం ఉయ్యాల గుడ్డ దులుపుతూ అడిగింది... "ఇదేమిటే, ఉయ్యాలకి చీమలు పట్టాయి?"

"ఏమో," అన్నాను.

ఏడాది తిరిగేసరికి వాడి పైవరస ముందుపళ్ళు నాలుగూ చిగుళ్ళ దగ్గర నల్లబడ్డాయి. అమ్మ అందరినీ వెంటబెట్టుకుని బెజవాడలో పళ్ళ డాక్టరుకి చూపించింది. ఆయన వాడి నోట్లోకి లైటు వేసి, "తీపి నీళ్ళు ఎవరు పడుతున్నారమ్మా వీడికి?" అన్నారు.

అమ్మ అమ్మమ్మ వైపు తిరిగింది. అమ్మమ్మ నావైపు చూసింది... ఒక్క క్షణం.

"నేనే పట్టానండీ, ద్రాక్ష నీళ్ళు," అంది.

ఇంటికొచ్చాక అమ్మ అన్న మాటలు ఇక్కడ రాయలేను. అమ్మమ్మ తలవంచుకుని విన్నది. తలుపు చాటున నేనూ విన్నాను. ఆ పళ్ళు ఊడి కొత్తవి వచ్చాయి. కానీ బళ్ళో "బొగ్గుపళ్ళోడా" అని పిలిపించుకున్న తమ్ముడు ఇప్పటికీ నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. వాడివి తెల్లటి పళ్ళు!

మొన్న ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. వాడి కూతురికి రెండేళ్ళు. మూడు రోజులుగా అవక, కాళ్ళు బిగబట్టుకుని ఏడుస్తోంది. పాలు తగ్గించమని, నీళ్ళూ పళ్ళూ కూరలూ పెంచమని పిల్లల డాక్టరు చెప్పారట. "ఎండుద్రాక్ష నానబెడదామా?" అన్నాను.

"వద్దక్కా బాబూ! అమ్మమ్మ ఆ నీళ్ళతోనే నా పళ్ళు తినేసింది."

"నీళ్ళ తప్పు కాదురా..." అని ఆగిపోయాను.

"మరి ఎవరి తప్పు?"

మరదలు కూడా నావైపే చూస్తోంది. "పట్టే పద్ధతిది," అన్నాను. అంతవరకే.

ఎలాగో ఒప్పించాను. భోజనంతోపాటు గ్లాసుతో కొంచెం, ఆపైన మంచినీళ్ళు, బుల్లి బ్రష్షు. మర్నాడు పొద్దున ఫోను... "అక్కా, అయింది! అచ్చం అమ్మమ్మలా చేశావే." ఆ మాటకి సంతోషించాలో సిగ్గుపడాలో తెలియలేదు.

ఇప్పుడు మొదటి పన్ను రాగానే డాక్టరుకి చూపిస్తున్నారు. మంచిదే... ఉగ్గుగిన్నెలు షోకేసుల్లోకి చేరాయి. పిల్లాడికి అయిందా అని గోడ మీంచి అడిగేవాళ్ళూ లేరు. మీ ఇళ్ళల్లో ఇలా చేయని తప్పు మోసిన పెద్దవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఆ చీమలు చూసి అమ్మమ్మ కనిపెట్టేసిందా? నన్ను కాచిందా, నిజంగా తన తప్పే అనుకుందా? అడుగుదామంటే ఆవిడ లేదు. తమ్ముడికి చెప్తే ఆవిడ మీద మచ్చ పోతుంది. కానీ నాకోసమే దాచి ఉంటే, ఆవిడ దాచినదాన్ని నేను బయటపెట్టడం ఏం న్యాయం?

ఈ పోస్టు వాడికి కనపడకుండా సెట్టింగు పెట్టాను. తీసేయాలో, ఉంచాలో... ఇంకా తేల్చుకోలేదు.