మాట ఇవ్వని బస్సు

ఎవరో రాసి అందరికీ ఉచితంగా ఇచ్చిన కోడ్ లైబ్రరీ వాడి, వేరే సర్వర్ల నుంచి సమాచారం తెచ్చే ప్రోగ్రామ్ రాశాను. జవాబు రాకపోతే అది అలాగే ఎదురుచూస్తూ ఉండిపోయేది. ఆ లైబ్రరీ రాసినవాళ్లను రెండు రోజులు తిట్టుకున్నాను.

మూడో రోజు మారతహళ్ళి బస్టాపులో ఒకే బస్సు కోసం గంటసేపు నిలబడ్డాను. పక్కనే ఆకుకూరల బుట్టతో ఉన్న పెద్దావిడ నవ్వింది.

"మూడు బస్సులు వదిలేస్తివి కదప్పా! పది నిమిషాలు చూసి, రాకుంటే వేరేది ఎక్కేదే. ఆ బస్సేమన్నా నీకు మాట ఇచ్చుండాదా?"

ఎంతసేపు చూడాలో చెప్పే వీలు లైబ్రరీలో మొదటినుంచీ ఉంది. నేనే చెప్పలేదు. ఆఫీసుకెళ్లి, పది సెకన్లు చూసి వదిలేయమని ఒక్క లైను చేర్చాను.

ఇప్పటికీ కొత్తవాళ్లు "పది సెకన్లేనా సార్?" అని అడిగితే, నా నోట ఆవిడ మాటే వస్తుంది.

"సర్వరేమన్నా నీకు మాట ఇచ్చుండాదా అప్పా?"