మట్టి మిద్దెల మీద నేను వేసిన గుర్తులు

పోయిన నెలలో హైదరాబాదు నుంచి ఒక అబ్బాయి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. నల్లగొండలో, పానగల్ రోడ్డు పక్కన మేముంటున్న ఈ రెండు గదుల ఇంటికి ఈ మధ్య పనిగట్టుకొని వచ్చేవాళ్లు ఎవరూ లేరు కనుక నేను సంబరంగానే కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాను. సంచిలోంచి కాగితాలు తీసి చూపించాడు. ఫ్రిజ్జుల మీద అంటించినట్టు ఇప్పుడు ఇళ్లకు కూడా నక్షత్రాలు ఇస్తున్నారట. కరెంటు తక్కువ ఖర్చయ్యే ఇల్లు, ఎండాకాలంలో తనంతట తానే చల్లగా ఉండే ఇల్లు కట్టుకుంటే బ్యాంకువాళ్లు వడ్డీ తగ్గిస్తారట. గోడ మందమెంత, కప్పు దేనితో వేశారు, మిట్టమధ్యాహ్నం లోపల వేడి ఎంత అని కాగితం నిండా గడులున్నాయి. నేను కల్వకుర్తి, కొల్లాపూర్ ప్రాంతాల్లో ఇళ్ల పథకంలో పనిచేశానని ఎవరో చెప్పారట, అటువైపు మనుషులు కాపురముంటున్న పాత మట్టి మిద్దె ఒక్కటి చూపిస్తే చాలు, లోపల యంత్రం పెట్టి వేడి కొలుచుకొని పోతానన్నాడు. ఆలోచించి ఫోన్ చేస్తానని పంపించేశాను. నెల దాటేదాకా చేయలేదు. ఎందుకు చేయలేదో నా ఈడువాళ్లకైనా చెప్పుకోవాలి, వాళ్లకైతే మట్టి మిద్దె అంటే ఏమిటో మళ్లీ విప్పి చెప్పే పని లేదు.

అయినా ఈ కాలం పిల్లలెవరైనా చదువుతారేమోనని నాలుగు ముక్కలు చెబుతాను. మూరన్నర మందం రాతిగోడ, రాళ్ల మధ్య సున్నం కాదు, మట్టే. పైన వేప దూలాలు, వాటి మీద అడ్డకర్రలు, వాటి మీద తంగేడు మండలు, ఆపైన జానెడు మట్టి, అన్నిటికీ పైన సౌడు. సౌడు అంటే చవిటి నేలల్లో దొరికే తెల్లటి మన్ను, తడిస్తే బిగుసుకొని నీటిని కిందికి దిగనియ్యదు. ఏటా వానలు మొదలయ్యే మిరుగం కార్తె రాకముందే బండ్ల మీద సౌడు తెచ్చి మిద్దెల మీద పరిచేవాళ్లు. ఒక్క ఇంటివాళ్లతో అయ్యే పని కాదది, ఇవాళ నీ మిద్దెకైతే రేపు నా మిద్దెకని వాడకట్టంతా గంపలెత్తేది, ఎవరి మిద్దెకు సౌడు పోస్తే ఆ ఇంటి ఇల్లాలు అందరికీ గుడాలు, అంటే గుగ్గిళ్లు, ఉడకబెట్టేది. ఆ గుడాల్లో మా మేనత్త వేసే ఎల్లిపాయ కారం రుచి నా నాలుక మీద ఇంకా ఉంది, ఆమె పోయి ఎన్నేళ్లయిందో లెక్కపెట్టుకోవడమే మానేశాను.

ఎనభైల మధ్యలో నాకు కల్వకుర్తిలో వర్క్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం వచ్చింది. పని చాలా సులువు. ఊరికిపోయి ప్రతి ఇల్లూ చూడటం, ఫారంలో గోడ, కప్పు, నేల, మురుగునీటి మోరీ అనే నాలుగు గడులు నింపడం, కప్పు మట్టిదైతే ఆ ఇల్లు కచ్చా అని తేల్చి, తలుపు మీద ఎర్ర రంగుతో ‘క’ అని రాయడం. కచ్చా ఇంటివాళ్లకే పథకం డబ్బు వచ్చేది. పాత ఇల్లు పునాది దాకా విప్పి, పైనుంచి వచ్చిన ప్లాను ప్రకారం సన్నటి ఇటుక గోడలు లేపి, తొమ్మిదడుగుల ఎత్తులో స్లాబు పోస్తే విడతలుగా బిల్లు పాసయ్యేది. అప్పుడు ఎర్ర అక్షరం కొట్టేసి పక్కన పచ్చరంగుతో ‘ప’ రాయాలి, అంటే పక్కా అయిందన్నమాట. ఇల్లు లోపల చల్లగా ఉందా అన్న గడి ఆ ఫారంలో లేదు, లేదేమని నేనూ ఎన్నడూ అడగలేదు. స్కూటరు డిక్కీలో రెండు రంగు డబ్బాలు పెట్టుకొని ఊళ్లు తిరుగుతుంటే నాకు నేనే ఓ పెద్ద ఆఫీసరులా అనిపించేవాణ్ని.

కొల్లాపూర్ తోవలో ఉన్న మా మేనత్త ఊరు కూడా నా కిందికే వచ్చింది. మామయ్యకు అప్పటికే పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది, మాట కూడా సరిగా వచ్చేది కాదు. గోడవార మంచంలో పడుకొని ఎడమచెయ్యి గోడకు ఆనించి ఉంచేవాడు. రోహిణి ఎండల్లో కూడా ఆ గోడ చల్లగా ఉండేది, ఆయనకు మిగిలిన సుఖం అదొక్కటే. అయితే ఆయన పడిపోయాక మిద్దె ఎక్కి చూసేవాళ్లు లేక రెండేళ్లు సౌడు సరిగా పడలేదు, వానలకు ఒకచోట ఉరవడం మొదలైంది. పక్క ఊళ్లో ఒక మిద్దె కూలిందన్న కబురు కూడా అప్పుడే వచ్చింది. అత్తకు భయం పట్టుకుంది. నాక్కూడా భయమే, అది అబద్ధం కాదు.

ఆ ఊళ్లో మిద్దెలు వేసే పెద్ద మేస్త్రిని అందరం చాచా అని పిలిచేవాళ్లం. ఆయన మిద్దె మీదికెక్కి, కాలితో తొక్కి చూసి, దిగివచ్చి నాతో, “ఒక్క దూలం పుచ్చింది సార్. దూలం మార్చి సౌడు పోస్తే ఇంకో ముప్పై ఏండ్లు ఫికర్ లేదు. స్లాబే గావాలంటే గీ గోడలు ఉంచి దాని మీదనే పొయ్యుండ్రి. గోడ తీస్తే ఎండాకాలం ఆ ముసలాయన ఆగడు” అన్నాడు. రిపేరుకు పథకంలో పైసా రాదన్నాను. గోడలుంచడానికి ప్లాను ఒప్పుకోదన్నాను.

ఇక్కడే నా గుట్టు ఒకటి చెప్పాలి. అదే ఊళ్లో మరో ఇద్దరికి పాతగోడలు ఉంచి, ఫారంలో కొత్తగోడలని రాసి బిల్లు పాస్ చేయించాను. చేయకూడదు గానీ చేశాను, ఆ రోజుల్లో అందరూ చేసేదే. మా మేనత్త ఇంటికి మాత్రం చేయలేదు. చుట్టాల ఇంటికి కళ్లు మూసుకున్నాడని నలుగురూ అంటారని నా భయం. నిజాయితీపరుడినన్న పేరు నాకు కావాలి, ఆ పేరుకు మూల్యం మంచంలో ఉన్న మనిషి చెల్లించాలి. దగ్గర నిలబడి పునాది దాకా విప్పించాను. మామయ్య మంచాన్ని పొరుగింటి అరుగు మీద వేశారు. గోడ కూలుతుంటే ఆయన నావైపు చూసి ఏదో అన్నాడు, నాకు అర్థం కాలేదు, అర్థం చేసుకునే ఓపిక కూడా నాకు లేదనుకుంటాను.

కొత్త ఇల్లు చూడ ముచ్చటగా ఉండేది. ఊళ్లో పునాది నుంచి కొత్తగా కట్టిన మొదటి స్లాబు ఇల్లు కదా, జనం వచ్చి చూసిపోయారు. అత్త పాత టేకు తలుపే దానికి పెట్టించుకుంది, ఎర్ర అక్షరంతో సహా. మొదటి ఎండాకాలం వచ్చేసరికి స్లాబు పొద్దున పదింటికే కాగిన పెనంలా అయ్యేది. ఉన్న ఒక్క ఫ్యాను వేడిగాలినే తిప్పేది, కరెంటు పోతే అదీ లేదు. అత్త గోనెసంచులు తడిపి గోడకు వేలాడదీసేది, బావి నుంచి బిందెల మీద బిందెలు మోసేది. మామయ్య గోడకు చెయ్యి ఆనించడం మానేశాడు. పగటిపూట నలుగురు పట్టి ఆయన్ని మంచంతో సహా పొరుగింటికి మోసుకుపోయేవాళ్లు, వాళ్లదింకా మట్టి మిద్దే. పొద్దుగూకినాక తిరిగి తెచ్చేవాళ్లు. ఆ ఎండాకాలం అట్లా గడిచింది.

మరుసటి ఏడు నేను మళ్లీ ఆ ఊరికి పోయినప్పుడు పొరుగింటాయన తనకూ స్లాబు కావాలన్నాడు. నేను తలుపు మీద ఎర్ర రంగుతో రాశాను. ఆ మిద్దె కిందే కదా మా మామయ్య పగలంతా తలదాచుకునేది అన్న ఆలోచన నాకు రాలేదు. రాలేదంటే మీరు నమ్మరు. వచ్చింది, కానీ ఆ నెల నాకిచ్చిన లెక్కకు ఇంకా నాలుగు ఇళ్లు తక్కువున్నాయి.

ఆ ఏడు రోహిణి కార్తె నాటికి పొరుగింటి మిద్దె విప్పేశారు, పగలు మామయ్యను మోసుకుపోయే చోటు లేదు. ఒక మధ్యాహ్నం ఆయనకు ఒళ్లు కాలిపోయి స్పృహ తప్పింది. జీపులో కల్వకుర్తి దవాఖానకు తెచ్చారు, నేనూ పరుగెత్తాను. డాక్టరు ఆయన కనురెప్పలు ఎత్తి చూసి, ఎండదెబ్బ అన్నాడు, ఎండలో ఎక్కడైనా తిరిగాడా అని అడిగాడు. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకొని, “లేసి కూసోనే చాతగాదు సారూ, యాడ తిరుగుతడు? ఇంట్లనే ఉన్నడు” అంది. పొద్దుగూకకముందే మామయ్య పోయాడు.

గోడల గిలాబా పూత ఆలస్యమై అత్త ఇంటి ఫైలు అప్పటికీ మూతపడలేదు. మూయాలని పై నుంచి ఒత్తిడి. దినాలయ్యాక పచ్చరంగు డబ్బాతో పోయి, మూత తీయకుండానే తలుపు ముందు నిలబడ్డాను. అత్త లోపలినుంచి వచ్చి డబ్బా చూసింది, నన్ను చూసింది. “రాయి అల్లుడా. నీ పని నువ్వు చేస్కోవాలె గద” అంది. తిట్టినా బాగుండేది. ఎర్ర అక్షరం కొట్టేసి పక్కన పచ్చగా రాశాను, ఆనించిన రెండో చేతి కింద గోడ కాలుతూనే ఉంది. ఆ ఇల్లు మా లెక్కల్లో పూర్తయిన ఇల్లుగా చేరింది, ఆ ఏడు పనిలో ముందున్నానని ఆఫీసులో నాకు దండ కూడా వేశారు.

తొంభైలు ముగిసేనాటికి ఆ తోవలో నేను గుర్తు వేయని మట్టి మిద్దె లేదు. చాచా చివరి రోజుల్లో స్లాబులకు కంకర మోశాడు, ఆయన కొడుకులు సెంట్రింగు పనిలో పడ్డారు, ఎంత మందాన సౌడు పోయాలో తెలిసిన మనిషి ఇప్పుడు ఆ వైపు దొరకడు. అత్త ఆ స్లాబు కిందే ఇంకో ఇరవై ఎండాకాలాలు గడిపి పోయింది, ఒక్కనాడు నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆనాడు డబ్బిచ్చి విప్పించిన గోడలకే ఈనాడు నక్షత్రాలిచ్చి వడ్డీ తగ్గిస్తామంటున్నారు. ఇచ్చేవాళ్లు ఇస్తారేమో గానీ, తీసుకోవడానికి ఆ గోడలు లేవు, వాటికి చెయ్యి ఆనించి పడుకున్న మనిషీ లేడు.

నిన్న చివరికి ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. అటువైపు ఒక్కటీ మిగల్లేదని చెప్పాను. అన్నీ ఎట్లా పోయాయి అంకుల్ అని పాపం నిజంగానే బాధపడుతూ అడిగాడు. వానలకు కూలిపోయాయి బాబూ అన్నాను.