పాత రాడ్డు, కొత్త గేరుబాక్సు

మా ఇంట్లో ఆగడం ఎవరికీ చేతకాదు. చిత్తూరు షెడ్డులో మా పాత కారుకు వేరే కారు ఇంజనూ గేరుబాక్సూ ఎక్కించిన రోజూ అంతే. ఆ గేరుబాక్సుకు సరిపడే గేరు రాడ్డు ఇంకా చెన్నై నుంచి రాలేదు.

"సోమవారం దాకా ఆగండప్పా," అన్నాడు మెకానిక్ భాయి.

శుక్రవారం దాటితే మళ్లీ మంచిరోజు ఎప్పుడోనని మా నాయన షెడ్డంతా అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను సీట్లో కూర్చుని ఊరికే హారన్ కొడుతున్నాను. మా పోరు పడలేక భాయి పాత రాడ్డే తగిలించాడు. "ముందు నన్ను నడిపి సూడనీండి," అంటూనే ఉన్నాడు, నాయన కొబ్బరికాయ కొట్టి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేశాడు.

ఫస్ట్ గేరు వేశాను. కారు వెనక్కి పోయింది. నిమ్మకాయలు చెక్కుచెదరలేదు.

"దీనికి రాడ్డు అవతలి పక్క నుంచి రావల్ల. ఇట్ల తగిలిస్తే ఫస్టు కాడ రివర్స్ పడతాండాది," అన్నాడు భాయి. "ఇంక దిగప్పా."

నేను దిగలేదు. నాయన నిమ్మకాయలు ఏరుకున్నాడు. సోమవారానికి దాచిపెడతాడేమో అనుకున్నాను. అద్దంలో చూస్తే, వంగి వాటిని వెనక చక్రాల వెనక పెడుతున్నాడు.